బార్డర్‌లో పడ్డ పేరు

ప్రథమేశ్ నవ్వాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

అసలు నవ్వేదేముంది అందులో? నమ్రత సోలాపూర్‌లోని కుమఠా నాకా నుంచి వానలో, చున్నీ నెత్తిన కప్పుకుని, కొంతం చౌక్‌లో ఉన్న అతని చిన్న కంప్యూటర్ షాపు దాకా వచ్చింది. మా చద్దర్లు ఆన్‌లైన్‌లో అమ్మాలి, వెబ్‌సైట్ చేసిపెట్టాలి అని మర్యాదగానే అడిగింది. ఏం పేరు పెడతారని అతనడిగితే, తండ్రి జనార్దన్ చెప్పి పంపిన పేరు పొల్లుపోకుండా అప్పజెప్పింది. శ్రీ మార్కండేయ జనార్దన్ టెక్స్‌టైల్స్ సోలాపూర్ డాట్ కామ్. దానికి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడా మనిషన్నవాడు?

"దేవుని పేరు, మా నాయిన పేరు, మా ఊరి పేరు. ఏంది అండ్ల నవ్వేది?"

"దేవుని మీద నవ్వలే, మీ నాయిన మీద నవ్వలే. జర ఒక పని చెయ్యండ్రి. నేను నాగ్‌పూర్‌ల ఒక గిరాకిని అనుకోండ్రి. ఫోన్ల ఆ పేరు చెప్పండ్రి, నేను రాసుకుంట."

చెప్పింది. అతను టైప్ చేస్తూ పోయాడు. సగంలో ఆమెకు ఊపిరి అందలేదు. టెక్స్‌టైల్ అనాలా, టెక్స్‌టైల్స్ అనాలా, నడుమ గీత పెట్టాలా, అంతా కలిపి రాయాలా అని అతను ఒక్కొక్కటే అడుగుతుంటే తడబడింది. చివరికి అతను కీబోర్డు పక్కకు నెట్టి, గిరాకి ఫోన్ పెట్టేసి పక్క దుకాణంలో కొనుక్కున్నాడని చెప్పాడు.

ఆ తర్వాత పాఠం మొదలుపెట్టాడు. పేరు చిన్నగా ఉండాలట. ఒకసారి వింటే గుర్తుండాలట. విన్నది విన్నట్టు రాసుకోగలగాలట. నడుమ గీతలూ అంకెలూ ఉండకూడదట. పేరులో చద్దర్ అని పెట్టుకుంటే రేపు టవళ్ళు అమ్మడానికి ఇబ్బందట. ఇంకొకరి పేరుకు దగ్గరగా ఉంటే మనకొచ్చే గిరాకి వాళ్ళింటికి పోతుందట.

అన్నీ నిజమే. ఒళ్ళు మండింది అందుకే. తప్పు మాట్లాడేవాడితో పోట్లాడటం సుళువు. ఒప్పు మాట్లాడుతూ నవ్వేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఆమెకు నమ్రత అని పేరు పెట్టినవాళ్ళను తర్వాత చాలాసార్లు తలచుకున్నాడు ప్రథమేశ్. ఆ సంగతి ఆమె మొహం మీదే చెప్పాడు కూడా. ఆమె ఊరుకోలేదనుకోండి.

నవ్వులాటకు నమ్రత దగ్గర టైము లేదు. ఇంట్లో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. నాలుగూ ఒక వ్యాపారి కోసం టవళ్ళు నేస్తాయి. ఆయన చెప్పిన రంగు, ఆయన చెప్పిన ధర. ఎదురు మాట్లాడితే మరుసటి వారం నూలు రాదు. ఆ బతుకు మీద నమ్రతకు పీకల దాకా కోపం. కప్పుకునే మంచి చద్దర్లు నేసి మనమే అమ్ముకుందామని ఏడాదిగా తండ్రి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి జనార్దన్ ఒక మగ్గం ఆమెకు విడిచిపెట్టాడు. దీపావళి దాకానే. అప్పటికి నడిచిందా, నీది. నడవలేదా, మళ్ళీ టవళ్ళే, ఇక ఈ మాట ఎత్తకూడదు. అదీ ఒప్పందం.

అందుకే ఆమె మళ్ళీ కొంతం చౌక్‌కు వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఒకసారి పేర్లు పట్టుకుని వెళ్ళింది, ఒకసారి ఫోటోలు పట్టుకుని. ఇంకోసారి ఏ పనీ లేకుండానే వెళ్ళి, వాన తగ్గేదాకా నిలబడతానని చెప్పింది. అప్పటికి వాన పడటమే లేదు. ప్రథమేశ్ గుమ్మంలోంచి ఆకాశం చూశాడు, ఆమెను చూశాడు, ఏమీ అనకుండా కుర్చీ జరిపాడు. అలా ఊరుకున్నందుకు కూడా ఆమెకు కోపమే వచ్చింది.

అతని ఇల్లు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. తల్లి చంద్రభాగ బీడీలు చుట్టి కొడుకును చదివించింది. పుణెలో ఉద్యోగం ఇస్తామని ఎవరో పిలుస్తున్నారని, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేదని మాటల మధ్యలో చెప్పాడు. వెళ్తే వెళ్ళు, నాకేం, అంది నమ్రత. ఆ రోజంతా ఇంట్లో గిన్నెలు దబదబా పడేసింది.

పేరు దొరికిన రోజు మాత్రం ఇద్దరూ పోట్లాడుకోలేదు. చార్ మాగ్. మరాఠీలో మాగ్ అంటే మగ్గం. మాకున్నవి నాలుగు మగ్గాలే కదా, అదే పేరు పెట్టుకుంటే ఏమవుతుందని ఆమె అడిగింది. ప్రథమేశ్ నవ్వలేదు. పెదవుల మీద ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకుని, ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపుకు నమ్రత కంగారుపడి బల్ల మీది స్టేప్లర్‌ను అటూ ఇటూ జరిపింది. కంప్యూటర్‌లో వెతికితే డాట్ కామ్ ఖాళీగానే ఉంది.

"ఇప్పుడే కొను. ఇంట్ల చెప్పుడు తర్వాత, ఊర్ల చెప్పుడు తర్వాత. మొదలు కొను."

నాయినను అడగకుండా ఎలా కొంటానని ఆమె లేచింది. మంచి పేరు చెప్పినందుకు తండ్రి మెచ్చుకుంటాడన్న సంబరం ఆమెది. ఆ సంబరం తప్పంటారా?

జనార్దన్ నిజంగానే మెచ్చుకున్నాడు. మెచ్చుకుని ఊరుకున్నా బాగుండేది.

సోలాపూర్ చద్దర్‌కు రెండు చివర్లా బార్డర్‌లో పేరు ఉంటుంది. అచ్చు వేసిన పేరు కాదు, నేసిన పేరు. రంధ్రాలు కొట్టిన జకార్డ్ అట్టలు మగ్గం నెత్తిన ఎక్కించి, దారంతోనే అక్షరాలు దించుతారు. ఒక ఇంటి బార్డర్‌లో ఒక పేరు పడిందంటే ఇంకో ఇంటివాడు దాన్ని ముట్టడు. ఎవరూ చెప్పనక్కర్లేదు, తాతల నాటి నుంచి అదే మర్యాద. జనార్దన్ ఆ మర్యాదలో పుట్టి పెరిగినవాడు. పేరు మొదట బట్ట మీదికి రావాలి, నేతవాళ్ళ కులదైవం మార్కండేయ స్వామి ముందు పెట్టాలి, ఆ తర్వాతే మిగతా పనులన్నాడు. అట్టలు కొట్టించాడు. ఎర్ర బార్డర్‌లో తెల్ల అక్షరాలతో వెబ్‌సైట్ పేరంతా దించి, ఒక దొంతర చద్దర్లు నేయించాడు.

కొనడానికి మంచి రోజు చూస్తున్నామని నమ్రత చెబితే ప్రథమేశ్ తలపట్టుకున్నాడు. రోజూ మెసేజ్ పెట్టాడు. కొన్నావా, కొన్నావా, ఇంకా కొనలేదా. మా ఇంటి పద్ధతి మాది, నువ్వు మధ్యలో రాకు అని ఆమె ఒక రోజు గట్టిగానే జవాబిచ్చింది. అతను మెసేజ్‌లు ఆపేశాడు.

మంచి రోజు వచ్చింది. నానమ్మ పోచమ్మ ఫోన్‌కు పసుపూ కుంకుమా పెట్టింది. జనార్దన్ కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నమ్రత పేరు కొట్టింది. ఈ పేరు ఇప్పటికే వేరొకరు తీసుకున్నారని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

ఆ పేరు ఇంట్లోవాళ్ళు కాక ఇంకెవరికి తెలుసు? ఒక్కడికే తెలుసు.

నమ్రత చెప్పులు సరిగా వేసుకోకుండానే బయల్దేరింది. దారిలో రిక్షావాడితో ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి ఏడుపు నీళ్ళు కావు, కోపం నీళ్ళు. వేరెవరైనా తీసుకుని ఉంటే ఇంత మండేది కాదు. నమ్మింది కాబట్టి మండింది. పేరు పలికి చూసుకుని తన కళ్ళలోకి చూసినవాడే ఇలా చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

షాపులో పెళ్ళికార్డు కోసం వచ్చిన దంపతులున్నారు. ఆమె వాళ్ళను పట్టించుకోలేదు.

"దొంగవు నువ్వు. నా పేరు దొంగిలించినవ్. చెప్పు, ఎంతకు అమ్ముతవ్ నాకు?"

ప్రథమేశ్ మొహం నల్లబడింది. వచ్చినవాళ్ళను కాసేపాగి రమ్మని పంపించి, స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. ఏ పేరు ఏ రోజు తీసుకున్నారో ఎవరైనా చూడొచ్చు. చూపించాడు. తర్వాత తన ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో ఒక ఫోటో. గుళ్ళో స్వామి ముందు పరిచిన ఎర్ర బార్డర్ చద్దర్, దాని మీద తెల్లగా, ఎవరైనా చదువుకునేలా వెబ్‌సైట్ పేరు. పక్కన చేతులు జోడించి జనార్దన్. ఆయనే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. అది ఊళ్ళో ఉన్న గ్రూపులన్నీ తిరిగి ప్రథమేశ్ దాకా కూడా వచ్చింది. పేరు పోయింది ఆ ఫోటో పెట్టిన రోజు సాయంత్రమే. ఎక్కడివాడో, మంచి పేర్లు ముందే కొనేసి మళ్ళీ అమ్ముకునే రకం అయ్యుంటాడు.

నమ్రత అన్న మొదటి మాట కూడా పోట్లాటే.

"ఫోటో చూసినవ్ గదా? మరి నువ్వెందుకు కొనలే?"

"ఏందీ?"

"దొంగలున్నరని నీకు తెలుసు. నేను కొనలేదని తెలుసు. మరి కొని పెట్టకుండ చేతులు ముడుచుకుని కూసుంటవా?"

ఇప్పుడు ప్రథమేశ్‌కూ కోపం వచ్చింది.

"కొందమనుకున్న. పైసలు కట్టేదాక వొయ్యి ఆగిన. మధ్యల రాకు అన్నది ఎవరు? ఆ పేరు నీది. నిన్ను అడగకుంట నా పేరు మీద రాసుకుంటే వానికి నాకు ఫరక్ ఏంది?"

క్షమించమని అడిగే అలవాటు నమ్రతకు లేదు. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళేదాకా తిట్టుకుంటూనే ఉంది. ఎవరిని తిట్టుకుంటోందో చౌక్ దాటేసరికి తనకే అర్థమైంది. అతనంటే తనకు ఇష్టం. లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది?

ఇంట్లో తండ్రికి చెబితే ఆయన నమ్మలేదు. నేసిన పేరును ఇంకొకడు ఎలా తీసుకుంటాడన్నాడు. అదొక్కటే ఆయన ప్రశ్న. మరునాడు పొద్దున్నే ఒక చద్దర్ మడిచి చంకలో పెట్టుకుని, నమ్రత వద్దంటున్నా వినకుండా ప్రథమేశ్ షాపుకు వెళ్ళాడు. ఆమె తలవంచుకుని వెనకాలే వెళ్ళింది. జనార్దన్ చద్దర్‌ను బల్ల మీద పరిచి, బార్డర్ మీద వేలు పెట్టాడు.

"ఇగో, చూడు బాబు. అక్షరం అక్షరం నా మగ్గం మీద దిగింది. ఇది నాది గాకపోతే ఎవనిది? ఆ ఇంటర్నెట్ల పెద్దమనుషులెవరు లేరా? పంచాయితి యాడ పెట్టాలె?"

నమ్రత అతని మొహమే చూస్తోంది. ఇప్పుడు నవ్వుతాడు. మార్కండేయ స్వామి పేరుకే నవ్వినవాడు దీనికి నవ్వకుండా ఉంటాడా? తన తండ్రి మీద నవ్వితే మాత్రం ఇక జన్మలో ఈ గుమ్మం తొక్కకూడదనుకుంది.

ప్రథమేశ్ నవ్వలేదు. ముందు కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. చద్దర్‌ను రెండు చేతులతో తీసుకుని, బార్డర్ అంతా తడిమి చూసి, మళ్ళీ మడతల ప్రకారం మడిచాడు.

"కాకా, బార్డర్ల పేరు పడితే మన ఊళ్ళె ఎవ్వరు ముట్టరు. నాకు తెల్వదా? గని ఇంటర్నెట్ మన ఊరు గాదు. ఆడ ఎవడు ముందుగాల తీసుకుంటే వానిదే."

కొట్లాడే దారులున్నాయి గానీ అవి తేలేదాకా మగ్గం ఊరికే ఉంటుందని నెమ్మదిగా విప్పి చెప్పాడు. నమ్రత తనను దొంగ అన్న సంగతి మాత్రం జనార్దన్‌కు చెప్పలేదు. చెప్పొచ్చు కదా! చెప్పి ఉంటే నాలుగు చీవాట్లు తిని బాకీ తీర్చుకునేది. చెప్పకుండా ఆమెను అలా నిలబెట్టాడు. దారి పొడుగునా ఆమె అదే తలచుకుని ఉడికిపోయింది.

జనార్దన్ ఇంటికొచ్చి చద్దర్ల దొంతర ముందు కూలబడ్డాడు. ఎవడివో అయిన అక్షరాలతో నేసిన బట్ట. అమ్మితే కొన్నవాడు ఆ పేరు చూసి ఇంకొకడి దగ్గరికి పోతాడు. సోమవారం నుంచి ఆ మగ్గం మీద కూడా టవళ్ళే ఎక్కిద్దామన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నమ్రతకు భరించరానిదైంది.

లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చింది. పైనున్న చద్దర్ తీసి బార్డర్ పక్కనుంచి కరకరా కోసేసింది.

జనార్దన్ గబుక్కున లేచాడు. నేసినవాడి ముందు బట్ట కోయడం మాటలా? ఆమె ఆగలేదు. రెండో చివర కూడా కోసి, మిగిలిన ముక్కను తండ్రి ఒడిలో పడేసింది. పొట్టిదైంది, అంతే. అంచు కుట్టేస్తే పిల్లలకు కప్పే చద్దర్ అవుతుంది. పసిపిల్లల తల్లులు కొనరా? పేరు పోతే బట్ట పోయిందా, మగ్గం పోయిందా అని నిలదీసింది. పోచమ్మ సూదీ దారం తెచ్చుకుని అంచు మడవడం మొదలుపెట్టింది.

జనార్దన్ ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. సరే, మరి పేరో, అని అడిగాడు.

నా పేరే పెడతానంది నమ్రత. నమ్రతా మాగ్.

అప్పుడు అన్నాడు ఆయన ఆ మాట. ఆడపిల్ల పేరు బార్డర్‌లో ఎవరు నేస్తారు, రేపు అత్తగారింటికి పోయేదానివి కదా, ఈ ఇంటి మగ్గం మీద నీ పేరేంటి అని. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఊళ్ళో అందరూ అనే మాటే అన్నాడు. అందుకే నమ్రతకు ఇంకా ఎక్కువ నొప్పి పుట్టింది.

"పోతే నేను పోత. నా పేరు యాడికి పోతది, నాయినా? నాతోనే ఉంటది గదా. దేవుని పేరు పెట్టచ్చు, నీ పేరు పెట్టచ్చు. మగ్గం అడిగింది నేను, మాటలు వడ్డది నేను. నా పేరు పెడితేనే తప్పైతదా?"

పోచమ్మ కుట్టు ఆపింది.

"నేను పుట్టినింట్ల మగ్గం నేసిన, వచ్చినింట్ల నేసిన. యాడ లేదు నా పేరు. దాని పేరు దాన్ని నేసుకోనీ, జనార్దనా."

తల్లి మాటకు ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. గోడకున్న గొడుగు తీసుకుని, చెప్పులు వేసుకుని, పద అన్నాడు.

మళ్ళీ కొంతం చౌక్. మళ్ళీ వాన. ఆమె కొత్త పేరు చెప్పబోగానే ప్రథమేశ్ చెయ్యెత్తి ఆపాడు. తనకు చెప్పొద్దన్నాడు. రేపు మళ్ళీ ఏదైనా అయితే తన మీద పడుతుందన్నాడు. కుర్చీలోంచి లేచి, ఆమెను కూర్చోమని, తాను బయటికి వెళ్ళి షాపు ముందు రేకు కింద అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రేకు ఎంతని? సగం వాన అతని మీదే పడుతోంది.

చూడండి, ఎంత పొగరో! నమ్రత విసురుగా కుర్చీ ముందుకు లాక్కుంది. పేరు కొట్టింది. డాట్ ఇన్ ఖాళీ, డాట్ కామ్ ఖాళీ. రెండూ తీసుకుంది. తండ్రి ఆమె భుజం మీదుగా వంగి చూస్తూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు.

ఆమె లేచి గుమ్మంలోకి వెళ్ళింది.

"లోపలికి రా. తడుస్తున్నవ్."

"అయ్యిందా?"

"అయ్యింది. దొంగ అన్న నిన్ను, అందరి ముంగట అన్న. తప్పైంది. ఇట్ల అనుడు నాకు రాదు, గని అంటున్న."

"అది గూడ తిట్టినట్లే ఉంది," అన్నాడు ప్రథమేశ్. కానీ లోపలికి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. స్క్రీన్ మీద పేరు చూశాడు. ఒకసారి పైకి చదివాడు. బాగుందన్నాడు.

అప్పుడే నమ్రత కింది వరస చదివింది. గడువు ఏడాదే.

పైసలు కట్టాక కూడా తనది కాదా అని ఆమె గయ్యిమంది. ఏటా కట్టాల్సిందేనని, మరిచిపోతే ఇంకెవడో ఎత్తుకుపోతాడని ప్రథమేశ్ చెప్పాడు. ఇదెక్కడి అన్యాయం అంది ఆమె. ఏటేటా ఈ తేదీ ఎవరు గుర్తుపెట్టుకోవాలంది.

"నేను గుర్తు చేస్త," అన్నాడతను, కీబోర్డు వైపు చూస్తూ.

"నువ్వా? రేపు పుణె వొయ్యి కూసుంటవ్, నంబర్ మారుస్తవ్. ఫోన్ల గుర్తు చేసుడు నాకొద్దు. ఇంట్ల ఉండి చెయ్యాలె. ఏటా."

అనేశాక తెలిసింది, తండ్రి పక్కనే ఉన్నాడని. అయినా తల దించలేదు. అన్నమాట అన్నదే.

ప్రథమేశ్ తలెత్తాడు. "ఏ ఇంట్ల?"

"మీ ఇంట్లనే. విడీ ఘర్కుల్‌ల మనుషులుండరా? ఏంది, అంత మాత్రం తెల్వదా నీకు?"

"తెలుసు," అన్నాడు. "నీకన్న ముందుగాల్నే తెలుసు. పుణెకు రానని చెప్పి చాన రోజులైంది."

జనార్దన్ కూతుర్ని చూశాడు. తడిసిన చొక్కాతో నిలబడ్డ కుర్రవాణ్ణి చూశాడు. తన బట్టను మడతల ప్రకారం మడిచిన చేతులు అవి. ఆయన గొడుగు అందుకున్నాడు.

"మీ అమ్మ ఇంట్ల ఎప్పుడుంటది, బాబు?"

"ఇప్పుడుంటది, కాకా. పొద్దుగాలనే బీడీలు అప్పజెప్పి వచ్చింది."

"మరి షట్టర్ దించు. పోదం పా."

ప్రథమేశ్ షట్టర్ దగ్గరికి వెళ్ళాడు. తాళం రెండుసార్లు జారి కింద పడింది. జర తొందరగా వెయ్యి, నాయిన వానలో నిలబడ్డాడు కనబడటం లేదా అని నమ్రత కసిరింది.